నాలుగో పలక

వాన వెలిసింది కానీ కోర్టు ఆరలేదు, కోర్టు ఆరేదాకా ఆట లేదు, ఆట మొదలయ్యేదాకా రూబీకి ఈ సిమెంటు బెంచీ మీద కూర్చుని తన కుడిచేతిని తానే అనుమానంగా చూసుకోవడం తప్ప వేరే పని లేదు. నాలుగున్నరకు అనుకున్న ఆట ఐదున్నరకు వాయిదా పడింది. ఇంకా గంట. ఈ కొండాపూర్ వానకు మర్యాద తెలియదు, చెప్పాపెట్టకుండా వచ్చి పది నిమిషాలు దంచికొట్టి, గచ్చిబౌలి వైపు ఏదో అర్జెంటు పనున్నట్టు వెళ్లిపోయింది. నీలం కోర్టు మీద అక్కడక్కడ నిలిచిన నీళ్లలో బి బ్లాకు బాల్కనీలు తలకిందులుగా వేలాడుతున్నాయి, ఏడో అంతస్తులో తమది కూడా ఉండాలి, అక్కడ నతానియేల్ కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉండాలి. కిందికి రానన్నాడు, నీ మొహం దగ్గర్నుంచి చూస్తే నాకే కంగారు పుడుతుంది, పైనుంచే చూస్తానన్నాడు, మంచి మొగుడే. కోర్టు అవతలి కొస నుంచి పోచయ్య మాస్టారు పొడుగాటి కర్రకు రబ్బరు పట్టీ ఉన్న వైపర్‌తో నీళ్లను కాలువ వైపు నెట్టుకొస్తున్నారు. అరవై రెండేళ్లు. ప్యాంటు మడమల పైకి మడిచి, ఒక వరస నెట్టి, వెనక్కి వెళ్లి, మళ్లీ ఇంకో వరస, మధ్యలో గీత కూడా వదలకుండా. ఈ అపార్ట్‌మెంట్లో మూడు వందల ఇళ్లకూ ఆయన ఉత్త పోచయ్య, రూబీకి ఒక్కతెకే మాస్టారు. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలేది ఈ కోర్టు మీదేనని తెలిసి కూడా, దాన్ని ఆరబెట్టే పని ఇంకొకరికి ఇవ్వలేదాయన.

రాకెట్ పిడి చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పిడి గుండ్రంగా ఉంటుందనే అనుకుంది ఇన్నేళ్లూ, చూసిన ప్రతివాళ్లూ అలాగే అనుకుంటారు, ఎనిమిది పలకలుంటాయని మాస్టారు చెప్పేదాకా తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు, ఎందుకంటే రాకెట్ కొన్నప్పటి నుంచీ పిడికున్న ప్లాస్టిక్ కవరు తీయనే లేదు. తమ ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరు, కారు సీట్లకు కవరు, సోఫాకు కవరు, కొత్త వస్తువు కొత్తగా ఉండాలంటే దాన్ని ముట్టుకోకూడదన్నది ఆ ఇంటి చట్టం. మొదటిరోజు మాస్టారు ఆ పిడి చూసి నవ్వలేదు, ఆయన ఎవర్నీ చూసి నవ్వరు, రెండు వేళ్లతో కవరు అంచు పట్టుకుని మెల్లగా ఒలిచి, మడతపెట్టి మళ్లీ ఆమె చేతికే ఇచ్చారు. "ఇంటికి దీస్కపో మేడం, పారేస్తే నీ మనసు ఊకోదు. గని పిడి మాత్రం నీ చెయ్యికి తెలువాలె." ఆ కవరు ఇప్పటికీ బీరువాలో ఎక్కడో ఉంది, నిజంగానే పారేయలేకపోయింది.

రాకెట్ అంచు నేలకేసి ఉండేలా పట్టుకుంటే పైన వచ్చేది ఒకటో పలక. అక్కడి నుంచి కుడికి లెక్క. చూపుడువేలి మొదట్లో, అరచేతి వైపు, ఉబ్బుగా ఉండే చోటు ఉంటుంది కదా, అది ఏ పలక మీద ఆనితే అది నీ పట్టు, అంతే, మొత్తం శాస్త్రం అంతే. రెండో పలక మీద ఆనితే సుత్తి పట్టు. మేకు కొట్టేటప్పుడు సుత్తి ఎలా పట్టుకుంటావో అలాగ, సర్వీసు కొట్టేటప్పుడు ఎవరైనా ఆ పట్టే. మూడో పలకైతే రాకెట్‌తో చేతులు కలిపినట్టు, పెద్దమనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు, అది మాస్టారి పట్టు. ఐదో పలకంటే చెయ్యి పూర్తిగా పిడి కిందికి పోతుంది, నేల మీదున్న పెనం ఎత్తినట్టు, అది రూబీ వీడియోలు చూసి తనకు తాను నేర్చుకున్న పట్టు. వీడియోల్లో వీటికి కాంటినెంటల్ అనీ ఈస్టర్న్ అనీ వెస్టర్న్ అనీ పేర్లు. మాస్టారి నోట ఆ పేర్లు ఒక్కసారీ రాలేదు, ఆయనకు సుత్తి, షేక్‌హ్యాండు, పెనం, అవే. ఎంత బాగా చెప్పేవారు! ఆఫీసులో ఎనభై స్లైడ్లు పెట్టి చెప్పినా ఎక్కని విషయాలు రోజూ ఎన్ని చూస్తుంది తను, ఈయన పెనం అన్నారు, ఆ క్షణాన్నే చేతికి అర్థమైపోయింది. నాలుగో పలకకు మాత్రం ఆయన దగ్గర పోలిక లేదు. దాని సంగతి వచ్చినప్పుడల్లా ఆయన మాట కొంచెం ఆగేది. అదెందుకో రూబీ ఎప్పుడూ అడగలేదు.

మణికట్టు ఇప్పుడు నొప్పిగా ఉందా? లేదు. ఉందనుకుంటే ఉంటుంది, అనుకోకు. చిటికెనవేలి వైపు, ఎముక పక్కన, అక్కడే మొదలైంది పోయినేడు, మొదట తలుపు గడియ తీస్తుంటే చురుక్కుమంది, తర్వాత చపాతీ ఒత్తుతుంటే, తర్వాత ఊరికే కూర్చున్నా. డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి, రోజంతా కంప్యూటర్ మౌస్ పట్టుకుంటారా అనడిగితే అవునండీ అంది, టెన్నిస్ ఆడతారా అంటే ఎప్పుడైనా అండీ అంది, అబద్ధం, వారానికి ఐదు రోజులు. మౌస్ పట్టి నొప్పొచ్చిందంటే అయ్యో పాపం అంటారు, ముప్పై ఎనిమిదేళ్లకు టెన్నిస్ ఆడి నొప్పొచ్చిందంటే బాగా అయిందంటారు. రాయదుర్గం ఆఫీసులో మేనేజరు జాలిపడి నిలువుగా ఉండే కొత్త మౌస్ తెప్పించి బల్ల మీద పెట్టించాడు, దాన్ని చూసినప్పుడల్లా సిగ్గేసేది. డాక్టరు మాత్రం మౌస్ మాట నమ్మలేదు. ఆట మానేయండి, లేదా పట్టు మార్చుకోండి, ఇలాగే ఆడితే ఆపరేషన్ దాకా పోతుంది అన్నాడు. మానేయడమా. పదేళ్లుగా రోజంతా ఇతరులు రాసిన దాంట్లో తప్పులు వెతికే ఉద్యోగం తనది. పొద్దున ఆ గంట ఒక్కటే తప్పూ ఒప్పూ రెండూ తనవి. ఆ గంట ఇస్తే ఇంక మిగిలేదేముంది? కోర్టు దగ్గర బంతులు ఏరి బుట్టలో వేస్తున్న ఈ ముసలాయన దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది ఆరోజే. డాక్టరుకు చెప్పని నిజం ఆయనకు చెప్పింది.

పాత పట్నంలోని ఏదో క్లబ్బులో ముప్పై ఏళ్లు మార్కర్‌గా చేశారట. సభ్యులకు జోడీ దొరక్కపోతే ఎదురుగా నిలబడి ఆడేది, వచ్చిన కొత్తవాళ్లకు నేర్పేది మార్కరే. మట్టి కోర్టులు. పొద్దున్నే తనే నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నం గీత గీసి, తర్వాత తెల్లబట్టలు వేసుకుని జడ్జీలకూ డాక్టర్లకూ బంతి అందించడం. సభ్యుడి చేతిలో ఓడిపోవడం కూడా ఉద్యోగంలో భాగమేనట, కానీ కావాలని ఓడిపోయినట్టు తెలియకూడదట. అదెలాగండీ అని రూబీ అడిగితే ఆయన బంతి కొట్టి చూపించారు, గీతకు సరిగ్గా జానెడు అవతల, పదికి పదిసార్లూ. తప్పు కొట్టడంలో కూడా అంత లెక్క ఉన్న మనిషిని రూబీ అంతకుముందు చూడలేదు, ఇంటికెళ్లి నతానియేల్‌కు అదే చెప్పింది.

మొదటి నెలంతా ఆయన తన పట్టే నేర్పారు. మూడో పలక, షేక్‌హ్యాండ్. బాల్‌పెన్నుతో ఆమె చూపుడువేలి మొదట్లో నీలం చుక్క పెట్టి, దాన్ని పలక మీద ఆనించి, జర గట్ల ఉంచు, కదలనియ్యకు, అని. ఆ చుక్కతోనే ఆఫీసుకెళ్లేది, మీటింగులో చెయ్యి తిప్పి చూసుకునేది. చిన్నప్పుడు గుంటూరు ఆస్పత్రి క్వార్టర్స్‌లో అమ్మ సారమ్మ డ్యూటీ దిగొచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా, పిడికిలితో పెన్సిల్ పట్టుకున్న తన వేళ్లను ఒక్కొక్కటే విప్పి మూడు వేళ్ల మధ్య పెట్టేది. నరం దొరకని రోగుల దగ్గరికి సారమ్మనే పిలిచేవారట, కళ్లు మూసుకుని వేలితో తడిమి పట్టేసేదట. ఎవరి చెయ్యి వాళ్లకు ముందు తెలియాలే, రోజూ చూసేదే కదా అని ఊరుకుంటారు, అనేది. అమ్మ వేళ్ల డెటాల్ వాసన. మాస్టారి వేళ్లకు బంతుల రబ్బరు వాసన. చెయ్యి పట్టుకుని నేర్పేవాళ్ల దగ్గర ఎందుకింత ధైర్యం వస్తుంది మనిషికి?

కానీ మూడో పలక కుదరలేదు. రూబీ పొట్టి, ఈ గట్టి కోర్టు మీద బంతి భుజం దాకా లేస్తుంది, షేక్‌హ్యాండ్ పట్టుతో ఆ ఎత్తున కొడితే ప్రతి బంతీ కంచె దాటి స్విమ్మింగ్ పూల్లో పడేది. తన తప్పేననుకుంది, తనకింక రాదనుకుంది. ఒకరోజు మాస్టారు ఆట ఆపి, నెట్ దాటి వచ్చి, తన రాకెట్‌ను నేలకు ఆనించి నిలబడ్డారు. "తప్పు నీది కాదు బిడ్డా. నాది. మా మట్టి కోర్టుల బంతి మోకాలు దాటకపోయేది. గా పట్టు దెచ్చి నీ మీద వెట్టిన." రాకెట్ పిడి తిప్పి చూసుకుని అన్నారు, "నా పట్టు నీకు పనికిరాదు. నీది నీ చెయ్యికి మంచిది కాదు. నడుమ ఇంకోటుంది. నాకు పదిహేను దినాలు టైమియ్యి." మేడం కాస్తా బిడ్డ అయింది ఆరోజే. నలభై ఏళ్లు నమ్ముకున్న దాన్ని, ముప్పై ఏళ్లు తిండి పెట్టినదాన్ని, ఒక మనిషి అంత మామూలుగా పక్కన పెట్టడం! పదేళ్ల ఉద్యోగంలో ఏ పెద్దమనిషి నోటా నా లెక్క తప్పు అన్న మాట వినలేదు రూబీ. పదిహేను రోజుల తర్వాత ఆయన వచ్చి చుక్కను నాలుగో పలక మీద పెట్టించారు. ఆ పదిహేను రోజులూ ఏం చేశారో చెప్పలేదు. ఊరెళ్లారేమో అనుకుంది. దసరా ముందు మాట అది, తొమ్మిది నెలలైంది. ఇప్పుడు బంతి భుజం దగ్గర దొరుకుతోంది, నెట్ దాటి గుండ్రంగా వంగి గీత లోపల దిగుతోంది, మణికట్టు రాత్రిళ్లు లేపడం లేదు.

కోర్టు సగం ఆరింది. అదిగో రామ్మోహనరావు గారు, సెక్రటరీ, గొడుగు ముడిచి పట్టుకుని, ఇద్దరు కమిటీ సభ్యులతో. చెడ్డమనిషేం కాదు, కాగితం లేని పని ఆయనకు పనిలాగా కనిపించదు, అంతే. మూడు వారాల కిందట మీటింగ్. మొదటి అంశం లిఫ్టు, రెండోది కుక్కలు, మూడోది జనరేటర్ గది వెనక గోడ, పొద్దున ఐదింటికి ఎవరో ఆ గోడకు టప్ టప్‌మని ఏదో కొడుతున్నారు, నెలల తరబడి, నిద్రలు పాడవుతున్నాయి. బి బ్లాకు వాళ్లకే ఎక్కువ. నతానియేల్ దాని మీద రోజుకో ఊహ చెప్పేవాడు, ఎవరో బట్టలు ఉతుకుతున్నారనీ, ఎవరో ఐటీ వాడు బాసును తలుచుకుని గోడను గుద్దుతున్నాడనీ. ఆపించాలన్నవాళ్లు చేతులెత్తండి అంటే రూబీ కూడా ఎత్తింది. నాలుగో అంశం, కోర్టును బయటి టెన్నిస్ అకాడమీకి అప్పగించడం. వాళ్ల కోచ్‌లకు సర్టిఫికెట్లున్నాయి, పోచయ్యకు లేదు, పోచయ్యను వచ్చే నెల నుంచి ఆపేద్దాం. ఎంత తేలిగ్గా అన్నారు. కుర్చీలు తెచ్చి వేసిన మాస్టారు అప్పటికి తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, ఎవరూ ఆయన వైపు చూడలేదు. రూబీ లేచి ఏం మాట్లాడిందో తనకే సరిగ్గా గుర్తులేదు, డాక్టరు మానేయమన్నాడనీ, ఈయన నా చెయ్యి నాకిచ్చారనీ ఏదో అంది. రామ్మోహనరావు గారు నొచ్చుకుని, "అలాగైతే చూద్దామండి, అకాడమీ అమ్మాయితో ఒక సెట్టు ఆడండి, కమిటీ చూస్తుంది, తర్వాతే ఓటు" అన్నారు. ఆ చూడటం ఈరోజు.

అకాడమీ అమ్మాయి పింకీ, పందొమ్మిదేళ్లు, కంచె పక్కన తాడాట ఆడుతోంది, ఇందాక వచ్చి నమస్తే ఆంటీ అని చాక్లెట్ కూడా ఇచ్చింది, ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడం కూడా కుదరదు. గెలవాల్సిన పని లేదు. కానీ ఆరు సున్నాతో ఓడితే, ఇదేనా పోచయ్య నేర్పింది అంటారు. రూబీ భయం ఓటమి కాదు, చెయ్యి. కంగారు పుడితే ఆ చెయ్యి తనంతట తాను కిందికి జారి పెనం పట్టు పడుతుంది. నిన్న సాయంత్రం కూడా జారింది. అసలు జారనిస్తే మాత్రం ఏం? పొద్దున్నుంచి లోపల ఎక్కడో ఈ మాటే తిరుగుతోంది, ఒప్పుకో. పాత పట్టుతో కొట్టే దెబ్బ పెద్దది, పింకీ కూడా తడబడుతుంది, ఒక్క సెట్టే కదా, ముప్పావుగంట, మణికట్టుకు కట్టు కట్టుకుని ఆడేస్తే సరి. కమిటీలో ఎవరికి తెలుస్తుంది ఏ పలకో? గెలిస్తే మాస్టారు ఉంటారు. ఆయన కోసమేగా. ఆయనకు మాత్రం తెలుస్తుంది, మొదటి దెబ్బకే తెలుస్తుంది, ఏమీ అనరు, బంతులు ఏరుకుంటారు. బ్యాగులోంచి నల్లటి మణికట్టు పట్టీ తీసింది. ఒళ్లో పెట్టుకుంది. పిడి మీద వేళ్లు మెల్లగా కిందికి తిరిగాయి, ఐదో పలక దగ్గరికి, ఎంత హాయిగా ఉంది అక్కడ, పాత చెప్పుల్లో కాలు పెట్టినట్టు.

"అయిపోయింది బిడ్డా, జర ఆ మూల తడుంది, అటు ఉరకకు." మాస్టారు వచ్చి బెంచీ పక్కన వైపర్ ఆనించారు. పట్టీని చూశారు. పిడి మీద ఆమె చేతిని చూశారు. ఆ చూపుకే రూబీ గబుక్కున పట్టీ పక్కన పడేసి, చిన్నపిల్లలా చెయ్యి చాచింది. "మాస్టారూ, ఈ ఒక్కరోజుకు చుక్క పెట్టండి. మొదట్లో పెట్టినట్టు." ఆయన చొక్కా జేబులో పెన్ను తీసి, "ఏంది, పరేషాన్ అయితున్నవా? చెయ్యికి తెలుసు లే, నీకే తెలువది" అంటూ ఎడంచేత్తో ఆమె వేళ్లు పట్టుకోబోయి, కుడి అరచేయి తెరిచారు. ఆయన చూపుడువేలి మొదట్లో నీలం చుక్క ఉంది. వాన నీళ్లకు సగం చెదిరి, కాయలు కాసిన చర్మం మీద మరకలా పాకి, ఉంది. కాయలు రెండు వరసలు. పాతవి పసుపుపచ్చగా, షేక్‌హ్యాండ్ పట్టువి. వాటికి కొంచెం పక్కన, ఇంకా ఎర్రగా, కొత్తవి.

"ఇదేమిటి మాస్టారూ?"

"ఏం లేదు. పొద్దుగాల వెట్టుకుంట. నాకు రానిది నీకెట్ల జెప్త? ముందుగాల నా చెయ్యి ఒప్పుకోవాలె గద." ఆయన సిగ్గుపడ్డారు. "గిన్నేండ్ల చెయ్యి, మాట వినది. ఇప్పటికి కూడ పూర్తిగ రాలే."

పొద్దుగాల. కోర్టు తాళం ఆరింటికి గానీ తీయరు, కమిటీ రూలు. ఐదింటికి, జనరేటర్ గది వెనక, దసరా ముందు నుంచీ. టప్. టప్. టప్. "ఆ గోడ దగ్గర చప్పుడు... మీరా?"

"జర మెల్లగ. సెక్రటరీ సారు ఈడనే ఉన్నడు." ఆయన కళ్లు నవ్వాయి. "మీటింగుల నువ్వు చెయ్యెత్తంగ జూసిన. నిజమే గద, పొద్దుగాల నిద్ర మంచిగ పడ్తది. గందుకే అటెన్క బొచ్చు వోయిన పాత బంతులు వెట్టిన. చప్పుడు తగ్గింది గద?"

తగ్గింది. తగ్గిందని నతానియేల్, తనూ సంతోషించారు. దుప్పటి ముసుగులో పడుకుని ఎవడో పనీపాటా లేనివాడని తిట్టుకున్న, మీటింగులో ఈ చెయ్యినే ఎత్తి ఆపించమన్న ఆ చప్పుడు, అరవై రెండేళ్ల మనిషి తన చేతిలో ముప్పై ఏళ్ల అలవాటును రూబీ కోసం కొద్దికొద్దిగా విప్పుకుంటున్న చప్పుడు. తలుపు దగ్గర నిలబడి రూబీ చెయ్యి లేవడం చూసి కూడా, మర్నాడు వచ్చి మామూలుగా బంతులు అందించారు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు, తుడుచుకుని ఆయన చేతిలో పెన్ను తీసుకుంది. ఆ గరుకు అరచేతిని తన ఒళ్లోకి లాక్కుని, తువ్వాలుతో తడి ఒత్తి, చెదిరిన చుక్క మీద మళ్లీ చుక్క పెట్టింది, గట్టిగా, గుండ్రంగా. తర్వాత అదే పెన్నుతో తన చేతికి. మాస్టారు అటు తిరిగి వైపర్ సర్దుకుంటున్నట్టు నటించారు.

"మొదలుపెడదామా అండి?" రామ్మోహనరావు గారు పిలిచారు.

మణికట్టు పట్టీ బెంచీ మీదే ఉండిపోయింది. రూబీ వెళ్లి గీత వెనక నిలబడింది. ఎండ కాస్త వచ్చింది, కోర్టు మీద సన్నగా ఆవిరి లేస్తోంది. ఓడిపోవచ్చు. ఓటు ఎటైనా పోవచ్చు. ఆట అయ్యాక ఆ కమిటీ ముందు నిలబడి గోడ సంగతి తనే చెబుతుంది, చెయ్యెత్తిన సంగతితో సహా, ఆయన వద్దన్నా సరే. పింకీ బంతిని పైకి ఎగరేసి కొట్టింది. బంతి వేగంగా వచ్చి పడి, భుజం ఎత్తుకు లేచింది. రూబీ చేతికేసి చూసుకోలేదు. రాకెట్ తిరిగింది, బంతి దాని మధ్యలో తగిలి, టప్‌మని ఒక చప్పుడైంది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. తొమ్మిది నెలలుగా రోజూ తెల్లవారుజామున వింటున్నదే.